చిలికా దీవిలో ఇల్లు: ముందు అద్దె, ఆ తరువాతే కొనుగోలు

మీరు అడిగిన సంగతిని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీది బరంపురంలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. మీకు చిలికా సరస్సులోని పారికూడు దీవిలో ఉపాధ్యాయినిగా ఉద్యోగం వచ్చింది. మీవారు ఛత్రపురంలోనే ఉంటారు, అత్తగారు మీతో వస్తారు. దీవిలో అద్దె ఇల్లు ఎక్కడా కనబడడం లేదు. ఈలోగా ఒక మధ్యవర్తి నీటి ఒడ్డున పది గుంటల స్థలంలో పాత ఇల్లు, దాని వెనుక ఒక చెరువు తక్కువ ధరకు వస్తున్నాయని, పది రోజుల్లో బయానా ఇవ్వాలని తొందరపెడుతున్నాడు. కొనవచ్చా, కొంటే ఏమేమి చూసుకోవాలి అన్నది మీ ప్రశ్న. గంజాం జిల్లాలో దస్తావేజులు రాయడం, ఖాతాలు (ప్రభుత్వ భూమి హక్కుల పత్రాలు) వెతికిపెట్టడం వృత్తిగా బతికినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నాను.

ఈ సంవత్సరం కొనవద్దు. ఒక అక్టోబరు, ఒక మే నెల ఆ దీవిలో అద్దెకు ఉండి చూసిన తరువాతే కొనుగోలు మాట ఎత్తండి. అక్టోబరు అనడానికి కారణం ఈ తీరంలో పుట్టి పెరిగిన మీకు తెలియనిది కాదు. 1999లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుఫాను, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. ఫణి మాత్రం 2019 మే 3న పూరీ దగ్గర తీరం దాటింది. ఇక మే నెల అనడం తుఫాను కోసం కాదు, తాగునీటి కోసం. దాని గురించి తరువాత రాస్తాను.

అద్దె ఇల్లు దొరకడం లేదన్నారు. దీవి గ్రామాల్లో గోడకు బోర్డు తగిలించి అద్దెకు ఇచ్చే అలవాటు లేదు. అక్కడ అద్దెకు ఇవ్వడానికని కట్టిన ఇళ్లు చాలా తక్కువ. కొడుకు సూరత్ మగ్గాల పనికో, మద్రాసు పనికో వెళ్లిపోగా తాళం పడిన గది, లేదా పెళ్లయిన కూతురి కోసం వేసి ఖాళీగా ఉన్న రెండు గదుల వాటా, ఇవే మీకు దొరికే ఇళ్లు. వాటి సంగతి మధ్యవర్తికి తెలియదు, తెలిసినా దానిలో అతనికి వచ్చేది ఏమీ లేదు కనుక చెప్పడు. మీ పాఠశాల ప్రధానోపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, రేవు దగ్గర మందుల దుకాణం నడిపే మనిషి, ఈ నలుగురికీ ఊళ్లో ఏ గది ఖాళీగా ఉందో తెలుస్తుంది. ముందుగా మీ స్థానంలో పనిచేసి బదిలీ అయిన టీచరు ఎక్కడ ఉండేవారో కనుక్కోండి. ఒక ఉద్యోగినికి ఒకసారి అద్దెకు ఇచ్చిన ఇంటివారు రెండవసారి ఇవ్వడానికి వెనుకాడరు.

అడిగేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి, అత్తగారిని వెంట తీసుకువెళ్లండి. పెద్దావిడ ఒకరు గడపలో కూర్చుని ఒడియాలో నాలుగు మాటలు మాట్లాడితే, మీరు ఎవరు, ఎక్కడివారు, ఏమి తింటారు అన్న ప్రశ్నలన్నీ ఆవిడ దగ్గరే తేలిపోతాయి. కులం కూడా మొహమాటం లేకుండా అడుగుతారు. దానికి మనసు కష్టపెట్టుకోవద్దని చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ సిద్ధంగా ఉండండి. తెలుగు అక్కడ పెద్దగా అక్కరకు రాదు. పూరీలో పెంఠకట లాంటి మత్స్యకారుల పేటలో తెలుగు వినబడుతుందే గాని, పారికూడులో వ్యవహారమంతా ఒడియాలోనే. ఇంకొక సంగతి. చిలికా ఒడ్డున తెలుగువారు ఎవరైనా భూమి గురించి ఆరా తీస్తే, రొయ్యల చెరువు వేయడానికే వచ్చారన్న అనుమానం ముందు పుడుతుంది. అందుకే మొదటి నెలల్లో భూమి ధరల మాట ఎక్కడా తేకుండా, అద్దె మాట మాత్రమే మాట్లాడడం మంచిది.

అద్దె నోటిమాటగా కుదిరినా కాగితం రాసుకోండి. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఏడాదికి మించిన కౌలుకు, ఏడాదికేడాది సాగే కౌలుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అది తప్పనిసరి. కాగితంలో అద్దె మొత్తం కన్నా ముఖ్యంగా మూడు విషయాలు ఉండాలి. కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో, బిల్లు ఎవరు కడతారో ఒకటి. తుఫానుకు పైకప్పు దెబ్బతింటే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు, అంతవరకు అద్దె కట్టాలా వద్దా అన్నది రెండవది. చేతిపంపు ఇంటివారిదైతే దానిని వాడుకునే హక్కు మీకు ఉంటుందా అన్నది మూడవది. మూడవదాని మీదే తగాదాలు ఎక్కువగా వస్తాయి.

ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు గోడలకన్నా ముందు నీళ్లు చూడండి. రుచి చూసి వదిలేయడం చాలదు, రెండు సీసాల నీళ్లు ఇంటికి తెచ్చి కందిపప్పు ఉడకబెట్టండి. ఎంతసేపటికీ పప్పు మెత్తబడకపోతే ఆ నీళ్లతో సంసారం కష్టం. అదే పంపు నీళ్లను మే నెలలో మరొకసారి చూడాలి, ఎందుకంటే భూమిలోని మంచినీటి పొర ఎండాకాలంలో పలచబడి అడుగున ఉన్న ఉప్పునీరు పైకి వస్తుంది. జనవరిలో తియ్యగా ఉన్న పంపు మేలో ఉప్పుదేరడం ఆ దీవుల్లో మామూలు సంగతి. మీ అత్తగారికి రక్తపోటు ఉందని రాశారు కాబట్టి, దీనిని చిన్న విషయంగా తీసుకోకండి.

తరువాత గోడ. ఉప్పుగాలి తగిలిన ఇటుక గోడకు నేల నుంచి మోకాటి ఎత్తు వరకు తెల్లటి పొడి రాలుతుంటుంది, సున్నం ఎన్నిసార్లు వేసినా పెచ్చులూడుతుంది. డాబా అయితే గదిలోకి వెళ్లి తల ఎత్తి చూడండి. కప్పు అడుగున సన్నటి గీతలు వరుసగా ఒకే దిక్కుకు పోతుంటే లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతున్నాయని అర్థం. కొత్తగా రంగు వేసి ఉంటే వేలి కణుపుతో అక్కడక్కడ కొట్టి చూడండి, బోలు చప్పుడు వచ్చిన చోట సిమెంటు చువ్వను వదిలేసినట్టే. అలాంటి డాబాకన్నా మంచి రేకుల ఇల్లు నయం, రేకు ఎగిరిపోతే రేకే కదా వేసుకోవాలి. ఏ ఇల్లయినా తుఫాను ఆశ్రయ భవనానికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండాలి. ఆ దూరాన్ని మీరు కాకుండా మీ అత్తగారు నడిచి చూడాలి.

ఇప్పుడు మధ్యవర్తి చూపించిన ఇంటి సంగతి. అందులో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి.

మొదటిది పది గుంటలన్న లెక్క. మీ నాన్నగారు హైదరాబాదులో ఉంటున్నారు కనుక, గుంట అంటే 121 గజాలని, పది గుంటలంటే 1,210 గజాలని లెక్క కట్టి ఉంటారు. ఒడిశాలో ఈ ప్రాంతపు లెక్క వేరు. ఇక్కడ ఎకరానికి, అంటే ఒక మాణానికి, ఇరవై అయిదు గుంటలు. గుంటకు నాలుగు డెసిమల్‌లు, అంటే మన నాలుగు సెంట్లు, దాదాపు 194 గజాలు. ఈ లెక్కన పది గుంటలంటే నలభై సెంట్లు, హైదరాబాదు లెక్కన ఇరవై అయిదు సెంట్లే. అమ్మేవారు ఏ లెక్కన చెబుతున్నారో, మీరు ఏ లెక్కన ధర కట్టుకున్నారో తేలకుండా బేరం కుదిరితే, కొలతల రోజున పెద్ద గొడవ అవుతుంది. గుంట అన్న మాటనే పక్కన పెట్టి, బేరమంతా డెసిమల్‌లలో మాట్లాడండి, దస్తావేజులో కూడా అదే రాయించండి. ఖాతాలో విస్తీర్ణం ఎకరాలు, డెసిమల్‌లలోనే ఉంటుంది కనుక సరిపోల్చుకోవడం సులువవుతుంది.

రెండవది ఖాతా. ఒడిశా ప్రభుత్వపు భూలేఖ్ వెబ్‌సైటులో పూరీ జిల్లా, కృష్ణప్రసాద్ తహసీలు ఎంచుకుని, ఖాతా నంబరుతోగాని ప్లాటు నంబరుతోగాని చూడవచ్చు. బరంపురం నుంచి వెళ్లేవారు గంజాం జిల్లా కింద వెతికి, కనబడలేదని అనుకోవడం నేను చాలాసార్లు చూశాను. దీవి మనకు దగ్గరగా ఉన్నా, లెక్కల్లో అది పూరీది. ఇంకొక మాట. బరంపురం తెలుగు ఇళ్లలో తాతల నాటి తెలుగు దస్తావేజులు ఇప్పటికీ పెట్టెల్లో ఉంటాయి, ఎందుకంటే 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది. పారికూడు అలా కాదు, అది పూరీ జిల్లాతో పాటు బెంగాలు ఏలుబడిలో, ఆ తరువాత బీహారు-ఒడిశాలో ఉన్న ప్రాంతం. అందువల్ల పారికూడు భూమికి పాత తెలుగు కాగితం ఎవరైనా చూపిస్తే, సంతోషపడే ముందు గట్టిగా అనుమానించండి.

ఖాతా తెరిచాక ముందు చూడవలసింది యజమాని పేరు. పూరీ జిల్లాలో చాలా భూములు దేవుడి పేరున ఉంటాయి. శ్రీ జగన్నాథ మహాప్రభువు పేరు, దాని తరువాత ‘మార్ఫత్’ అని, ఆ తరువాత ఒక మనిషి పేరు కనిపిస్తే, ఆ మనిషి యజమాని కాదు, దేవుడి తరఫున చూసుకునేవాడు మాత్రమే. అమృతమణోహి భూములని పిలిచేవి ఇవే. జగన్నాథుడే కాదు, ఊరి దేవతల పేరున ఉన్నవీ ఉంటాయి. ఒడిశాలోని దేవాలయ, ధర్మాదాయ చట్టాల ప్రకారం పై అధికారుల అనుమతి లేకుండా దేవుడి భూమి అమ్మకం చెల్లదు. తరతరాలుగా మేమే అనుభవిస్తున్నామని వాళ్లు చెప్పేది నిజమే కావచ్చు, కాని అనుభవించడం వేరు, అమ్మే హక్కు ఉండడం వేరు.

పేరు మనిషిదే అయితే, ఆ పేరు పక్కన రాసే కులం చూడండి. దీవి గ్రామాల్లో చేపల వేట మీద బతికే కేవుట, కైబర్త, కండరా వంటి కులాలవారు ఒడిశాలో షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్నారు. ఒడిశా భూసంస్కరణల చట్టం (1960) 22వ సెక్షను ప్రకారం షెడ్యూల్డ్ కులం రైతు తన భూమిని అదే వర్గం వారికి తప్ప ఇతరులకు అమ్మాలంటే రెవెన్యూ అధికారి నుంచి ముందుగా లిఖితపూర్వకమైన అనుమతి తీసుకోవాలి. అది లేకుండా జరిగిన అమ్మకం చెల్లదు. కొన్నవారిని ఖాళీ చేయించి భూమిని పాతవారికి తిరిగి అప్పగించే వీలు అదే చట్టంలో ఉంది. ఇంటి స్థలమే కదా, పొలం కాదు కదా అని మధ్యవర్తి చెప్పే మాట మీద ఆధారపడకండి. ఈ నిబంధన వారి రక్షణ కోసం పెట్టినది, సరైనదే. ధర ఇంత తక్కువగా ఉండడానికి కారణం ఈ అనుమతి తీసుకోకుండా పని ముగించాలన్న ఆలోచనేమో ముందుగా తేల్చుకోండి. గజపతి, కోరాపుట్ వైపు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి విషయంలో నియమం ఇంకా కఠినం, అక్కడ 1956 నాటి వేరే రెగ్యులేషను ఉంది. మీకు ఆ చర్చ అవసరం లేదు.

పేరు సరిపోయాక భూమి రకం. ఒడియా ఖాతాలో ప్లాటు పక్కన కిసం అని ఒక గడి ఉంటుంది. అందులో ‘ఘరబారి’ అని ఉంటే అది ఇంటి స్థలం. ‘శారద’ అని ఉంటే వరి పొలం, దాని మీద ఇల్లు ఉన్నా కాగితంలో అది పొలమే, భూసంస్కరణల చట్టం 8-ఎ కింద ఇంటి స్థలంగా మార్పిడి చేయించుకోవాలి. ‘గోచర్’ అంటే ఊరి పశువుల మేత భూమి. ‘అనాబాది’ ఖాతా అంటే ప్రభుత్వ భూమి, అక్కడ ఇల్లు ఎన్ని తరాల నుంచి ఉన్నా మీకు అమ్మడానికి వారి దగ్గర ఏమీ లేదు. హక్కు గడిలో ‘స్థితిబాన్’ (స్థిరమైన, అమ్ముకోగల హక్కు) అని ఉండడం మంచి గుర్తు. మీకు ఒడియా చదవడం వచ్చు కనుక ఈ గడులు మీరే చదువుకోండి, మధ్యవర్తి చదివి వినిపిస్తే సరిపోదు.

ఆ ఖాతా అమ్మేవారి చనిపోయిన తాతగారి పేరునే ఉందని మీరు రాశారు. వారసులు ఎంతమంది, ఎక్కడెక్కడ ఉన్నారు అన్నది అప్పుడు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఇద్దరు కొడుకులు సంతకం పెడతారు, మూడవవాడు సూరత్‌లో ఉన్నాడు, ఫోనులో ఒప్పుకున్నాడు అంటే చాలదు. అతను స్వయంగా రావాలి, లేదా రిజిస్టరు చేసిన ముక్త్యారునామా (పవర్ ఆఫ్ అటార్నీ) పంపాలి. ఆడపిల్లల సంగతి వాళ్లు చెప్పరు, మీరే అడగాలి. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టంతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా ఉంది. ఖుర్దాలోనో బాలుగావ్‌లోనో కాపురం ఉంటున్న చెల్లెలి సంతకం లేకుండా కొంటే, ఆమె వాటా మీద మీకు హక్కు రాదు. ముందు వారసులందరి పేరున మ్యుటేషన్ (ఖాతాలో పేరు మార్పు) చేయించుకుని రమ్మనండి. అది వాళ్లు చేయలేకపోతే మీరు కొన్న తరువాత మీరూ చేయించలేరు.

మూడవది ఆ చెరువు. దాని కోసమే ధర చెబుతున్నట్టుంది గనుక ఇది స్పష్టంగా చెప్పాలి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం చిలికా, పులికాట్ సరస్సుల నుంచి వెయ్యి మీటర్ల లోపల రొయ్యల పెంపకం చేయకూడదు. సరస్సులో గట్లు కట్టి వేసిన ఘేరీలను అధికారులు వచ్చి కూల్చడం, మళ్లీ కట్టడం, మళ్లీ కూల్చడం ఏళ్ల తరబడి సాగుతోంది. మీరు రొయ్యలు వేయకపోవచ్చు, కాని చెరువు మీ పేరున ఉంటే ఊళ్లో తగాదా అయినప్పుడు మొదట మీ పేరే బయటకు వస్తుంది. ఇల్లు, చెరువు వేరు వేరు ప్లాట్లయితే చెరువు ప్లాటు వదిలేయండి.

నీటి ఒడ్డు అన్నది నాకు నచ్చని నాలుగవ విషయం. చిలికా ఎప్పుడూ ఒకేచోట ఆగే చెరువు కాదు. ఎండాకాలంలో సుమారు 906 చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయి, వానాకాలంలో 1,165 చదరపు కిలోమీటర్ల వరకు పరుచుకుంటుంది. మీకు ఇల్లు చూపించింది ఏప్రిల్‌లో కనుక, అప్పుడు కనిపించిన ఒడ్డు సెప్టెంబరులో పెరటి దాకా రావచ్చు. దానికి తోడు 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వడం, 2019లో ఫణి తుఫాను ఇసుక గట్టును కోసి మరికొన్ని దారులు చేయడం వల్ల ఆటుపోటుల తీరు మారింది. పాతవారు చెప్పే ‘నీళ్లు ఇంతవరకే వస్తాయి’ అన్న గుర్తు ఏ సంవత్సరం నాటిదో అడగండి. ఇంటి పునాది మీద, పక్కనున్న కొబ్బరి చెట్ల మొదళ్ల మీద నీటి మరక ఏ ఎత్తులో ఉందో మీరే చూడండి. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఈ దీవులకు కూడా వర్తిస్తాయి. పాత ఇల్లు ఉన్నంత మేరలో బాగుచేసుకోవచ్చునేమోగాని, దానిని పడగొట్టి పెద్దది కట్టుకుంటామంటే వీలు కాకపోవచ్చు. 2019 జనవరి 18 నాటి కేంద్ర ప్రకటన ఆధారంగా తయారైన తీర పటంలో మీ ప్లాటు ఏ గీతకు ఏ పక్కన పడుతుందో తహసీలు కార్యాలయంలో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రయాణం గురించి మీరు ఎక్కువగా భయపడుతున్నారు గాని, నా ఉద్దేశంలో అది ఈ విషయాలన్నిటిలోకి తేలిక. పూరీ వైపు సాతపడా నుంచి జన్హికుడాకు వాహనాలను కూడా ఎక్కించుకునే పంటు ఉంది. మీకు అది చుట్టుదారి. గంజాం వైపు నుంచి పాలూరు, మాలూదుల మీదుగా రోడ్డున వెళ్లడమే మీకు దగ్గర. పడవ మీద ఆధారపడే పల్లెలో ఇల్లు తీసుకుంటే మాత్రం, చివరి పడవ ఎన్ని గంటలకో, గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో నడుపుతారో లేదో, రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే పడవ తీసే మనిషి ఇల్లు ఎక్కడో తెలుసుకోండి. అత్తగారి మందులు నెలకు సరిపడా ఇంట్లో ఉండాలి.

ఏడాది గడిచాక, అప్పటికీ ఆ దీవిలో ఉండాలనే మీకు అనిపిస్తే, ఊరి మధ్యలో, రోడ్డుకు దగ్గరగా, నీటికి దూరంగా ఉన్న ఘరబారి స్థలం వెతకండి. ఒడ్డున ఉన్న ఇంటికన్నా దాని ధర ఎక్కువ ఉంటుంది, ఉండాలి కూడా. ఏది కొన్నా కనీసం ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) తీయించండి. బ్యాంకు అప్పు అక్కర్లేకపోయినా అప్పుకు దరఖాస్తు చేసుకోండి, వారి వకీలు కాగితాలు చూసి ఇచ్చే అభిప్రాయం మీకు రెండవ కాపలా అవుతుంది. ఆ వకీలు వద్దన్న ఇంటిని మీరు సొంత డబ్బుతో కొనడం నాకు అర్థం కాని ధైర్యం.

చివరగా, ఎవరి పేరున రాయించుకోవాలని అడిగారు. మీ పేరునే. ఉద్యోగం అక్కడ మీది, ఉండేది మీరు, అదీగాక ఒడిశాలో స్త్రీ పేరున కొంటే స్టాంపు సుంకం అయిదు శాతానికి బదులు నాలుగు శాతమే పడుతుంది. రిజిస్ట్రేషను రుసుము రెండు శాతం ఇద్దరికీ ఒకటే. ప్రస్తుతానికి ఆ మధ్యవర్తికి బయానా ఇవ్వకుండా, ఖాతా నంబరు, ప్లాటు నంబరు మాత్రం రాసి ఇమ్మని అడగండి. అతను ఇవ్వడానికి నసిగితే బేరం అక్కడితో వదిలేయండి. ఇస్తే భూలేఖ్‌లో పైన చెప్పిన పేరు, కులం, కిసం, హక్కు గడులు మీరే చూసుకుని, ఆ నకలుతో ముందు తహసీలు కార్యాలయానికి వెళ్లండి.